సారీ అంటే ఏ సారీ?

ఇంగ్లిష్ రానివారికి కూడా వచ్చిన ఇంగ్లిష్ మాటల్లో సారీ ఒకటి. బస్సులో పక్కవారి కాలు తొక్కితే సారీ. రాంగ్ నంబర్ కలిస్తే సారీ. దుకాణంలో చిల్లర లేకపోతే సారీ, పెళ్లికి వెళ్లలేకపోతే సారీ. ఇంగ్లిష్ వాళ్లు దీనితో ఇంకా చాలా పనులు చేయిస్తారు. ఎదుటివారి మాట సరిగా వినబడకపోతే సాగదీసి సారీ అంటారు, మళ్లీ చెప్పమని. ఎవరింట్లోనైనా చావు కబురు వింటే సారీ అంటారు, అది సంతాపం. కూలడానికి సిద్ధంగా ఉన్న భవనాన్ని చూసి సారీ స్టేట్ అంటారు, అది దుస్థితి. ఉద్యోగం ఇవ్వడం లేదని చెప్పే ఉత్తరంలోనూ తరచూ అదే మాట, అక్కడ అది తిరస్కారం.

ఇన్ని వేషాలు వేసే ఈ మాట పుట్టింది నొప్పి నుంచి. పుండు, సలుపు అనే అర్థాలున్న 'సోర్' దీనికి రక్తబంధువు. దుఃఖం అనే అర్థమున్న 'సారో' మాత్రం పోలికే తప్ప పుట్టుకతో చుట్టం కాదు. అంటే, మొదట్లో సారీ అన్నవాడు తనకు బాధగా ఉందని చెప్పుకున్నాడు. తప్పు తనదని ఒప్పుకోవడం తర్వాత వచ్చి చేరిన అర్థం. ఈ రెండూ ఒకే మాటలో కాపురం ఉండటం వల్ల మామూలు రోజుల్లో ఎవరికీ నష్టం లేదు. కాలు తొక్కినవాడు విచారించాడా, నేరం అంగీకరించాడా అని ఎవరూ ఆరా తీయరు. కానీ పోయినవి ప్రాణాలై, సారీ అనాల్సింది ఒక ప్రభుత్వమైతే అసలు చిక్కు మొదలవుతుంది.

2001 ఏప్రిల్ 1న చైనా హైనాన్ దీవి సమీపంలో అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ మరణించాడు. అమెరికా విమానం అనుమతి లేకుండానే హైనాన్‌లో దిగింది, అందులోని 24 మంది సిబ్బంది చైనా నిర్బంధంలో ఉండిపోయారు. చైనా క్షమాపణ కోరింది. తప్పు తమది కాదన్నది అమెరికా వాదన. 11 రోజుల తర్వాత ముడి విప్పింది ఓ ఉత్తరం. పైలట్ మృతికి ఒక 'వెరీ సారీ', అనుమతి లేకుండా విమానం దిగినందుకు మరో 'వెరీ సారీ' అందులో ఉన్నాయి. చైనా మీడియా దాన్ని క్షమాపణకు దగ్గరగా ఉండే మాటల్లో ప్రజలకు చెప్పింది. అమెరికా తన ప్రజలకు అది విచారం మాత్రమేనని చెప్పుకుంది. ఒకే ఉత్తరం, రెండు దేశాల్లో రెండు అర్థాలు. సిబ్బంది ఇంటికి చేరారు.

పదేళ్ల తర్వాత ఇదే మాట దక్షిణాసియాలో పనికొచ్చింది. 2011 నవంబర్ 26న అఫ్ఘాన్ సరిహద్దులోని సలాలా వద్ద నాటో దాడిలో 24 మంది పాకిస్థాన్ సైనికులు మరణించారు. ఆగ్రహించిన పాకిస్థాన్, అఫ్ఘానిస్థాన్‌లోని నాటో సేనలకు సరుకులు వెళ్లే రోడ్డు మార్గాలను మూసేసింది. క్షమాపణ చెబితేనే తెరుస్తామంది. అమెరికా విచారంతో సరిపెట్టాలని చూసింది. ఏడు నెలలు గడిచాక 2012 జులై 3న నాటి అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్, పాక్ సైన్యానికి జరిగిన నష్టానికి 'సారీ' అన్నారు. అపాలజీ అన్న మాట ఆమె వాడలేదు. అయినా మార్గాలు తెరుచుకున్నాయి. తాము క్షమాపణ చెప్పలేదని ఒకరు, చెప్పించామని మరొకరు అనుకోవడానికి ఆ మాటలో చోటుంది. దౌత్యవేత్తలకు సారీ ముద్దొచ్చేది అందుకే.

బాధితులకు మాత్రం ఆ చోటే గుచ్చుకుంటుంది. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి బలవంతంగా వేరుచేసిన వైనంపై 1997లో నివేదిక వచ్చింది. ప్రభుత్వం క్షమాపణ చెప్పాలని అది సిఫారసు చేసింది. 1999లో ప్రధాని జాన్ హోవార్డ్ పార్లమెంటులో 'ప్రగాఢ విచారం' తీర్మానం తెచ్చారు. ఆయన అధికారంలో ఉన్నన్నాళ్లూ ప్రభుత్వం నోట సారీ రాలేదు. 2000లో సిడ్నీ హార్బర్ వంతెనపై లక్షల మంది నడిచిన రోజున ఓ విమానం ఆకాశంలో పొగతో రాసింది ఆ ఒక్క మాటే. చివరికి 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ నిండు పార్లమెంటులో దాన్ని పలికారు. అక్కడి ఆదివాసులు తమ ఇంగ్లిష్‌లో చావు ఇంట పాటించే కర్మకాండను 'సారీ బిజినెస్' అంటారు. వారికి సారీ లాంఛనం కాదు, మరణం పక్కన కూర్చోవడం.

మన ఉపఖండంలో ఇంకా కొన్ని బాకీలు మిగిలాయి. 1919 ఏప్రిల్ 13 నాటి జలియన్‌వాలా బాగ్ కాల్పులకు నూరేళ్లు నిండబోతుండగా, 2019లో బ్రిటన్ ప్రధాని థెరెసా మే పార్లమెంటులో తీవ్ర విచారం వెలిబుచ్చారు. స్పష్టమైన క్షమాపణ చెప్పాలని ప్రతిపక్ష నేత జెరెమీ కోర్బిన్ అక్కడే కోరారు. అది రాలేదు. 1971 నాటి ఘోరాలకు క్షమాపణ చెప్పాలని పాకిస్థాన్‌ను బంగ్లాదేశ్ అడుగుతూ వచ్చింది. 2002లో ఢాకా వెళ్లిన పర్వేజ్ ముషారఫ్ అమరుల స్మారకం వద్ద సందర్శకుల పుస్తకంలో విచారం రాసి వచ్చారు. ఢాకాకు అది చాలలేదు.

ఈ పిసినారితనానికి గర్వమొక్కటే కారణం కాదు. ఒప్పుకోలు నేరానికి సాక్ష్యమవుతుందని, పరిహారానికి దారి తీస్తుందని వకీళ్లు హెచ్చరిస్తారు. ఆ భయాన్ని తీర్చడానికి కొన్ని చోట్ల చట్టాలే వచ్చాయి. సానుభూతి మాటలను బాధ్యతకు సాక్ష్యంగా వాడరాదని అమెరికాలోని మసాచుసెట్స్ 1986లోనే నిర్దేశించింది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2006లో చేసిన చట్టం, సారీ అన్నంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కాదని తేల్చింది. ఇంగ్లండ్‌లోనూ అదే ఏడాది క్షమాపణ దానంతటదే నిర్లక్ష్యానికి ఒప్పుకోలు కాదని చట్టంలో రాసుకున్నారు. ఆపరేషన్ వికటిస్తే డాక్టర్ రోగి బంధువుల ముఖం చూసి ఓ మంచి మాట చెప్పగలగాలన్నది మంచి ఉద్దేశమే. కానీ ఏ బాధ్యతా అంటని సారీ విన్నవారికి ఎంత ఊరట ఇస్తుందన్న ప్రశ్న అలాగే ఉంది.

సూటిగా చెప్పిన క్షమాపణలు కూడా లేకపోలేదు. 1984 నాటి సిక్కుల ఊచకోతపై 2005 ఆగస్టులో ప్రధాని మన్మోహన్ సింగ్ రాజ్యసభలో సిక్కులకే కాదు, మొత్తం జాతికి క్షమాపణ చెప్పారు. సిగ్గుతో తల దించుకుంటున్నానన్నారు. ఆ మాటల్లో తప్పుకునే దారి లేదు. అయినా కాంగ్రెస్ నేత సజ్జన్ కుమార్‌ను ఢిల్లీ హైకోర్టు దోషిగా తేల్చింది 2018 డిసెంబర్‌లో, ఘటన జరిగిన 34 ఏళ్లకు. స్పష్టమైన మాట వెనుక స్పష్టమైన చర్య త్వరగా రాకపోతే, అదీ సగం క్షమాపణగానే మిగులుతుంది.

తెలుగులో విచారం వేరు, క్షమాపణ వేరు. పోయినవారి ఇంటికెళ్లి ఎవరూ 'క్షమించండి' అనరు. అయినా తప్పించుకునే దారులు తెలుగుకూ తెలుసు. రైలు ఐదు గంటలు ఆలస్యమైతే స్టేషన్ మైకు అసౌకర్యానికి 'చింతిస్తున్నాం' అంటుంది తప్ప క్షమించమనదు. 'తప్పు చేశాను' అనాల్సిన చోట 'తప్పయింది' అంటే, తప్పు దానంతటదే జరిగిపోయినట్టు ఉంటుంది. ఇప్పుడు ఈ రెండింటికీ బదులు సారీ ఉంది. మన్నించమని అడగడంలోని బరువు దానికి లేదు. క్షమించాలా వద్దా అన్న నిర్ణయాన్ని అది ఎదుటివారి చేతిలో పెట్టదు. అందుకే అంత తేలిగ్గా నోటికి వస్తుంది.

బస్సులో కాలు తొక్కినప్పుడు ఆ తేలికదనం సౌకర్యమే. ప్రాణం పోయిన చోట, పరువు పోయిన చోట విన్నవారు మాట దగ్గర ఆగరు. ఎవరు చేశారు, ఏం చేశారు, ఇప్పుడేం చేస్తారు అని అడుగుతారు. ఆ మూడింటికీ జవాబుంటే, సారీ అన్నా క్షమాపణ అన్నా వారికి పెద్దగా తేడా ఉండదు.