దుఃఖానికి వంత



ఈ నెల ఒక తప్పు ఒప్పుకొని మాట మొదలుపెట్టవలసి వచ్చినది. ఆ తప్పు మాదే.

విజయవాడ ఆటోనగర్ సంగతి మన డెల్టా పల్లెల్లో తెలియనివారు తక్కువ. మన ధాన్యమును మోసే లారీలకు బాడీ కట్టేది, రిపేరు చేసేది అక్కడే. తెల్లవారింది మొదలు రేకుమీద సుత్తి దెబ్బలు, వెల్డింగు మెరుపులు. మన సంఘముల పిల్లలెందరో చదువు సాగక అక్కడ పనికి చేరినవారే.

అటువంటి పిల్లవాడొకడు దివిసీమ నుండి వచ్చి, ఒక షెడ్డులో వెల్డింగు నేర్చుకొని, తల్లిని కూడా తెచ్చుకొని అద్దె ఇంట్లో కాపురముండేవాడు. రెండేళ్ళ క్రిందట రోడ్డు ప్రమాదములో చనిపోయాడు. ఇరవై రెండేళ్ళవాడు. శవమును ఇంటికి తెచ్చిన రాత్రి తల్లి రాగమెత్తి ఏడ్చినది. వాడు పుట్టిన నాటి వాన, తన పాలు చాలక మేకపాలు పట్టిన సంగతి, మొదటి జీతముతో వాడు తెచ్చిన చీర రంగు, ఒక్కొక్కటే చెప్పి, ప్రతిదాని చివర “నా తండ్రీ” అని దీర్ఘము తీసినది. చుట్టూ కూర్చున్న ఆడవారు ఆ దీర్ఘమును అందుకొన్నారు.

అప్పుడు సంఘపెద్ద ఒకరు లేచి, “అమ్మా, నిరీక్షణ లేనివాళ్ళలాగా ఏమిటీ ఏడుపు? మన సాక్ష్యము పోతుంది. ఆపమ్మా” అన్నారు. మేమూ అక్కడే ఉన్నాము. అవునన్నట్టు తల ఊపాము. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొన్నది. మేము కీర్తన ఎత్తుకొన్నాము. ఆమె పాడలేదు. ఆ తరువాత పదకొండు నెలలు ఆమె గుడిలో నోరు విప్పలేదు. ఆదివారము వచ్చేది, వెనుక గోడకు ఆనుకొని కూర్చునేది, ఎవరితోను మాటలాడక వెళ్ళిపోయేది. మనిషి సగమైనది.

ఆమెను అలా చూచి, మేము చేసినది సరియేనా అని లేఖనములు తెరిచాము. థెస్సలొనీకయుల మొదటి పత్రిక 4వ అధ్యాయములో పౌలు దుఃఖపడవద్దని చెప్పలేదు. నిరీక్షణ లేనివారివలె దుఃఖపడవద్దని చెప్పాడు. ఈ రెంటికి ఎంతో భేదమున్నది. స్తెఫనును పాతిపెట్టి బిగ్గరగా ఏడ్చినవారు భక్తిపరులేనని అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయము సాక్ష్యమిచ్చుచున్నది. సౌలును యోనాతానును పోగొట్టుకొన్న దావీదు శోకగీతము కట్టి, దానిని యూదావారికి నేర్పించాడు. యిర్మీయా 9వ అధ్యాయములో, ఏడ్చుటలో నేర్పుగల స్త్రీలను పిలిపించమనియు, వారు ఆ విద్యను తమ కుమార్తెలకు నేర్పవలెననియు ఉన్నది. విలాపవాక్యములలో 1, 2, 4 అధ్యాయములు హెబ్రీ భాషలోని 22 అక్షరముల వరుసలో కట్టబడినవి. అనగా, దుఃఖమునకు కూడా ఒక వరుస, ఒక రాగము ఉండవలెనని మన గ్రంథమే చూపుచున్నది. యేసుప్రభువు కూడా లాజరు సమాధి దగ్గర కన్నీరు విడిచాడు. ఏడ్చుచున్న మరియను గద్దింపలేదు.

ఈ సత్యమును మనకంటె ముందు కన్నీళ్ళతో నేర్చినవారు ఆఫ్రికా ప్రజలు. దాసుల వ్యాపారము సాగిన మూడున్నర శతాబ్దములలో సుమారు 1 కోటి 25 లక్షల మందిని ఓడలకెక్కించి అట్లాంటిక్ సముద్రము మీదుగా తరలించారు. దారిలో చనిపోయినవారే 15 లక్షలకు పైగా. తల్లిని ఒక చోట, బిడ్డను మరొక చోట అమ్మారు. ఎవరి చావుకు ఎవరు ఏడ్వవలెనో తెలియని స్థితి. 1740లో దక్షిణ కెరొలినాలో దాసులు డప్పులు వాయించరాదని చట్టము కూడా చేశారు. అయినా వారు ఊరుకోలేదు. రాత్రివేళ కూడి, వలయముగా నిలిచి, కాళ్ళు నేలకు రాచుచు కుడినుండి ఎడమకు తిరుగుతూ పాడేవారు. డప్పుకు బదులు కర్రతో చెక్కనేల మీద తాళము. ఒకరు పిలుపు ఇస్తే మిగిలినవారు జవాబు పాడేవారు. దీనిని రింగ్ షౌట్ అంటారు. అందులో వేదిక లేదు, ప్రేక్షకుడు లేడు. దుఃఖములో ఉన్నవాడు కూర్చుని చూచువాడు కాడు, వలయములో ఒకడు.

ఆ పాటలను లోకమునకు వినిపించినవారు నాష్‌విల్ పట్టణములోని ఫిస్క్ పాఠశాల విద్యార్థులు. బానిసత్వము పోయిన వెంటనే, 1866లో, ఆ పాఠశాల ఆరంభమైనది. అప్పులలో మునిగిన దానిని నిలుపుటకు 1871 అక్టోబరులో తొమ్మిదిమంది పిల్లలు పాడుతూ బయలుదేరారు. దాసుల పాటలు పైవారి ముందు పాడుటకు మొదట వారు సిగ్గుపడ్డారు. అవి తమ తలిదండ్రుల కన్నీళ్ళు, వాటిని చూపించుట ఎలాగని. చివరకు జనుల హృదయములను కదిలించినవి ఆ పాటలే. ఆ కానుకలతో కట్టిన జూబిలీ హాలు ఈనాటికీ నిలిచియున్నది. తరువాత 1884లో బయలుదేరిన జూబిలీ గాయకుల బృందము ఆరేళ్ళపాటు దేశములు తిరిగి మన భారతదేశములో కూడా పాడి వెళ్ళినది. దానికి సుమారు వంద సంవత్సరముల తరువాత, 1983లో, న్యూయార్కులో “ది గాస్పెల్ ఎట్ కొలోనస్” అనే సంగీత నాటకము ఆడారు. బిడ్డల శోకముతో, గ్రుడ్డితనముతో తిరిగిన పూర్వకాలపు గ్రీకు రాజు కథను నల్లవారి గుడి ఆరాధనగా మలచారు. కథ చెప్పేవాడు ప్రసంగీకుడు, జవాబు చెప్పేది గాయకబృందము, చూడవచ్చినవారే సంఘము. రాజు పాత్రను పాడినవారిలో నిజముగా చూపులేని గాయకులుండిరి.

ఆఫ్రికాలో అనేక జాతులవారు, చనిపోయిన పెద్దలు తమ మధ్యనే ఉన్నారనియు, పాటతో పిలిస్తే వత్తురనియు నమ్మేవారు. ఇప్పటికీ నమ్మువారున్నారు. ఆ నమ్మకము మనది కాదు. మనము మృతులను పిలువము. వారిని ప్రభువు చేతికి అప్పగించాము. అయితే బ్రదికి యున్నవారు ఒకరినొకరు పిలుచుకొని, ఒకరి దుఃఖమునకు ఒకరు జవాబు పాడుట వారినుండి మనము నేర్చుకోదగినదే.

నిజమునకు అది మనకు కొత్త కూడా కాదు. బుర్రకథలో కథకుని కిరుపక్కల ఇద్దరు వంతలుంటారు. 1986లో పద్మశ్రీ పొందిన నాజరుగారంతటివారైనా వంతలు లేకుండ కథ నడుపలేరు. మన పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) దేశీయ రాగములలో కీర్తనలు కట్టారు గనుకనే పల్లెలో అక్షరము రాని ముసలమ్మ కూడా పల్లవి అందుకోగలిగినది. నిఘంటువు తెరచి చూడండి: “వంత” అన్న మాటకు తోడుపాట అనే అర్థముతోపాటు దుఃఖము అనే అర్థము కూడా ఉన్నది. మన పూర్వులు ఎరిగియే ఒక్క మాటలో రెండూ ఉంచారేమో!

ఇక ఆ తల్లి సంగతి. సంవత్సరము నిండినప్పుడు ఆ షెడ్డులోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఈసారి మైకు, కుర్చీలు వద్దని అయ్యగారే చెప్పారు. చాపలు పరచి అందరము చుట్టూ కూర్చున్నాము. దివిసీమ నుండి ఒక పెద్దామె వచ్చినది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి, ఆ సీమలో వేలమందిని పొట్టన పెట్టుకొన్ననాడు ఆమెకు పదకొండేళ్ళు. ఇంట్లో మిగిలినది ఆమె ఒక్కతే. ఆమె ఈ తల్లి పక్కన చేరి చెయ్యి పట్టుకొని, “చెల్లే, నీ పిల్లోడి సంగతి చెప్పవే. మేం ఊఁ కొడతాం. ఆనాడు మా ఊళ్ళో నాకు ఊఁ కొట్టేవాళ్ళు కూడా మిగల్లేదు” అన్నది.

“ఎందుకులే అక్కా, సాక్ష్యం పోద్ది” అన్నది ఆ తల్లి.

ఆ మాట మా గుండెల్లో దిగినది. ఆనాడు ఆపమన్న పెద్దాయనే లేచి, “తప్పు నాదమ్మా. చెప్పు, వింటాము” అని మళ్ళీ చాపమీద కూర్చున్నాడు.

చాలాసేపు ఆమె మాటలాడలేదు. తరువాత సన్నగా రాగము తీసినది. ఆడవారు అందుకొన్నారు. వానసంగతి, మేకపాల సంగతి, చీర సంగతి. ఆమె ఆగినచోట షెడ్డు కుర్రవాడొకడు, “పిన్నీ, నా చెయ్యి కాలినప్పుడు నెల్రోజులు వాడే అన్నం కలిపి పెట్టాడు” అన్నాడు. ఆ సంగతి తల్లికి తెలియదు. మరొకడు ఇంకొకటి చెప్పాడు. తన బిడ్డను గూర్చి తానెరుగని సంగతులు ఆ రాత్రి ఆమెకు దొరికినవి. చివరకు కీర్తన ఎత్తుకొన్నాము. రెండవ చరణములో ఆమె గొంతు కలిసినది.

ఆమె దుఃఖము తీరిపోయినదని మేము చెప్పము. ఇప్పటికీ లారీ హారను వింటే ఉలికిపడుతుంది. కాని ఆదివారము పాడుచున్నది.

పాఠకులారా, మీ వీధిలో చావు జరిగిన ఇంటికి వెళ్ళినప్పుడు వెంటనే వాక్యము చెప్పకండి. ముందు పక్కన కూర్చోండి. పోయినవారి పేరెత్తి అడగండి, వారిని గూర్చి మీకు తెలిసినది ఒకటి చెప్పండి. తల్లి రాగమెత్తితే ఆపవద్దు, వంత పాడండి. నలభై రోజులు గడిచి చుట్టాలు వెళ్ళిపోయిన తరువాత మరల ఒకసారి వెళ్ళండి. ఆదరణ కూడికలో ప్రసంగమునకు గంట ఇచ్చే మనము, ఏడ్చేవారికి పావుగంట ఇవ్వలేమా?

ఏడ్చువారి కన్నీటిబొట్టు ప్రతిది లెక్కయందుంచు దేవుడు, మన తొందరపాటు మాటలను క్షమించి, వినే చెవిని మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.