మైకు వీధిది, రేడియో వంటింటిది

మా చిన్నమామ, అంటే మా ఆయనకు చిన్నాన్న, ఒకప్పుడు మైకుసెట్టు నడిపినారు. ఇప్పటి పిల్లల మాటలో చెప్పాలంటే డీజే. ధర్మవరం చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లయినా, పెద్దమనిషి ఫంక్షనయినా, దేవరయినా ఆయన రావాల్సిందే. ఎద్దులబండిలో ఆంప్లిఫయరు, బ్యాటరీ, గ్రామఫోను ప్లేట్ల పెట్టె వేసుకొని పోయి, ముందు వేపచెట్టెక్కి హారన్ కట్టేవారంట. ఆ తర్వాతే భోజనం. పండక్కి అందరం కలిస్తే మగవాళ్లంతా ఆయన చుట్టూ చేరతారు. అరిగిపోయిన సూది, గీత పడి ఒకే మాట పదిసార్లు పాడే ప్లేటు, డేరా టాకీసులో ఆట మొదలయ్యే ముందు వేసే ఘంటసాల గారి 'నమో వెంకటేశా', తెల్లవార్లూ జరిగే రికార్డింగ్ డాన్సులు. "ఆ కాలం ఇంక రాదు" అని అందరూ నిట్టూరుస్తారు.

నాకూ ఆ కబుర్లు ఇష్టమే. కరువు సీమలో వినోదమంటే అంతే కదా. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లయినా పడని వాన కోసం మొగులు చూసే జిల్లా మాది. వాన రాకపోతే గుడి దగ్గర విరాటపర్వం చదివించేవాళ్లు. అది కూడా మామ హారన్‌లోంచే ఊరంతా వినిపించేదంట. పట్నాల్లో నైట్ క్లబ్బులు మూతపడ్డాయని అక్కడివాళ్లు ఎట్లా బాధపడతారో, డేరా టాకీసులు పోయినాయని మావాళ్లు అట్లా బాధపడతారు. అందులో తప్పేమీ లేదు.

కానీ ఆ కబుర్లలో ఆడవాళ్లు ఎక్కడున్నారు? ఒకసారి అత్తమ్మనడిగితే నవ్వేసింది. "మేము మిద్దె మీద పడుకొని ఇనేవాళ్లం లేమ్మా" అంది. రికార్డింగ్ డాన్సుకు ఇంటి ఆడవాళ్లు పోకూడదు. స్టేజీ మీద ఆడేది మాత్రం ఆడవాళ్లే. వాళ్లు ఏ ఊరివాళ్లో, తెల్లవారినాక ఏమి తినేవాళ్లో మామకు గుర్తు లేదు. ఏ పాటకు ఎన్ని ఈలలు పడ్డాయో మాత్రం లెక్కతో సహా చెప్తారు. ఆ ఆడవాళ్ల చేతికి కూడా మైకు ఎవరూ ఇవ్వలేదు. మైకు ఎప్పుడూ మగవాడి చేతిలోనే ఉండేది.

మన చేతికందినది రేడియో. అది కూడా వినడానికే. రేడియో వీధిలో ఉండదు, వంటింటి గూట్లో ఉంటుంది. రొట్టెలు తడుతూ, బుడ్డలు ఒలుస్తూ వినొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు అనుకుంటాం. నిజానికి దానికీ అనుమతి ఉండేది. 1980ల దాకా ఇంట్లో రేడియో పెట్టుకోవాలంటే ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. చెవి మన ఇంట్లో ఉన్నా అనుమతి ఢిల్లీ నుంచి రావాలన్న మాట.

ఆ ఢిల్లీలోనే 1952లో సమాచార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి.కేస్కర్ గారికి సినిమా పాటలంటే గిట్టేది కాదు. ఆకాశవాణిలో వాటిని అణిచేశారు. జనం ఏం చేశారు? ముల్లు తిప్పి సముద్రం అవతలి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. అమీన్ సయానీ గారి బినాకా గీత్‌మాలా అక్కడిదే. తెలుగు పాటలూ అక్కడి నుంచి వచ్చేవి, మీనాక్షి పొన్నుదురై గారి గొంతుతో. పాతతరం ఆడవాళ్లనడగండి, ఆ పేరు చెప్తేనే మొహం వెలిగిపోతుంది. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి పెట్టక తప్పింది కాదు. ఇంగ్లండులో కూడా కుర్రకారు పాటలు రేడియోలో సరిగ్గా వేయడం లేదని 1964లో ఒక ఓడలో స్టేషను పెట్టి, సముద్రంలోంచి వినిపించారు. దాన్ని దొంగ రేడియో అన్నారు. దాని పేరు రేడియో కారొలైన్, ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. సినిమాలు కూడా తీశారు.

మన రాయలసీమలో కూడా ఒక దొంగ రేడియో ఉండేది తెలుసా? దాని మీద సినిమా ఎవరూ తీయలేదు. మా ఇంట్లో ఎవరికీ తెలియను కూడా తెలియదు.

కర్నూలు దాటి నంద్యాల రోడ్డులో పోతే ఓర్వకల్లు వస్తుంది. పొదుపు సంఘాలకు పేరుపడిన మండలం. బియ్యం పక్కన పెట్టి, రూపాయి రూపాయి కూడబెట్టి, బ్యాంకువాళ్లే పిలిచి అప్పిచ్చే దాకా వచ్చిన ఆడవాళ్లు వాళ్లు. 2002లో అక్కడ 'మన రేడియో' అని ఒకటి పెట్టారు. చాలా చిన్న యంత్రం. అర కిలోమీటరు దూరం వినిపిస్తే గొప్ప. సంఘం ఆడవాళ్లే మాట్లాడేది, వాళ్లే పాడేది, వాళ్లే వినేది. నెలలు తిరక్కుండానే, 2003లో, లైసెన్సు లేదని అధికారులొచ్చి ఆ పరికరాలు తీసుకుపోయారు.

చట్టం ప్రకారం చూస్తే వాళ్లకు లైసెన్సు లేదు, నిజమే. అయితే తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు చెప్పింది 1995లో. మన పక్కనే ఉన్న బెంగుళూరులో ప్రైవేటు కంపెనీ ఎఫ్ఎం మొదలైంది 2001లో. కాలేజీలు, యూనివర్సిటీలు రేడియో పెట్టుకోవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్నది 2002 చివరలో. ఊరివాళ్ల సంఘాలు పెట్టుకోవచ్చని ఒప్పుకున్నది 2006 నవంబరులో. అంటే ఓర్వకల్లు ఆడవాళ్లు మాట్లాడాలనుకున్న రోజున లైసెన్సు అడుగుదామన్నా వాళ్లకు ఇచ్చే లైసెన్సే లేదు! డబ్బున్న కంపెనీకి దారి ఉంది, చదువుకున్న కాలేజీకి దారి ఉంది, పొదుపు సంఘానికి మాత్రం దారి లేదు. అప్పుడు దొంగ అనే మాట ఎవరికి పెట్టాలో నాకు అర్థం కాదు.

జహీరాబాద్ దగ్గర మాచ్నూరులో ఇంకో రకంగా జరిగింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లకు 1990ల చివర్లోనే స్టూడియో కట్టి పెట్టారు. గాలిలోకి వదలడానికి అనుమతి లేదు. వాళ్లు ఊరికే కూర్చోలేదు. కార్యక్రమాలు టేపుల మీద రికార్డు చేసి, ఊళ్లలో సంఘాల దగ్గర కూర్చొని వినిపించుకున్నారు. అట్లా దాదాపు పదేళ్లు. చివరికి 2008 అక్టోబరు 15న సంగం రేడియో గాలిలోకి వచ్చింది. నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే, ఒకరు జనరల్ నర్సమ్మ, ఒకరు అల్గోల్ నర్సమ్మ. జొన్న, సామ, కొర్ర విత్తనాల ముచ్చట్లు, పండగ పాటలు, మందులు, మాకులు, అన్నీ వాళ్ల యాసలోనే. పదేళ్ల ఓపిక అందరికీ ఉండదు. ఉండాలని అడగడం కూడా న్యాయం కాదు.

మొన్న ఈ సంగతి చెప్తే చిన్నమామ నవ్వినారు. "అర కిలోమీటరా? నా హారన్ రెండు కిలోమీటర్లు పోతాండె కదమ్మా!" అన్నారు. "మామా, ఆ రెండు కిలోమీటర్లలో మీరు పాట వేయంగ ఎవరైనా ఆడమనిషి మాట్లాడిందా?" అని అడిగినాను. కొంచెంసేపు ఆలోచించి, "ఒకసారి పిలగాడు తప్పిపోతే వాళ్లమ్మ మైకు కాడికొచ్చి ఏడ్సింది. అంతే" అన్నారు. నలభై ఏళ్ల వృత్తిలో ఆయనకు గుర్తున్న ఆడగొంతు అదొక్కటే.

ఇప్పుడు మైకుసెట్టు పోయి వ్యాన్ల మీద డీజే బాక్సులొచ్చినాయి. రాత్రి 10 దాటితే వేయకూడదన్న నిబంధన 2000 నుంచీ ఉంది, పాటించేదెవరు? కిటికీ అద్దాలు అదురుతాయి, చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. తగ్గించమని చెప్పడానికి మళ్లీ మనమే ఒక మగవాణ్ణి పంపాలి. శబ్దం పెరిగిందే గానీ, మైకు చేతులు మారలేదు.

అందుకే పాత రోజులు పోయాయని నేను ఏడవను. నాకు కావాల్సింది వేరే. నియమాల ప్రకారం కనీసం మూడేళ్లు సేవ చేసిన సంస్థ ఉంటే కమ్యూనిటీ రేడియోకు అర్జీ పెట్టుకోవచ్చు. అనంతపురం జిల్లాలో ఇరవై ఏళ్లు దాటిన మహిళా సమాఖ్యలున్నాయి. అప్పు వాయిదాల లెక్కలు, ఆధార్ జిరాక్సులు తప్ప వాటి గదుల్లో ఇంకేమీ వినిపించదు. అదే గదిలో ఒక మైకు పెడితే మా అత్తమ్మ పాడే సువ్వి పాటలు, బుడ్డలు పోయిన ఏడు ఇల్లు గడిపిన లెక్క, బెంగుళూరుకు కూలికి పోయిన కొడుకు కోసం చూసే తల్లి మాట, అన్నీ వస్తాయి.

ఆ నియమాల్లో ఇంకో షరతుంది. సొంతంగా వార్తలు చెప్పకూడదు, ఆకాశవాణి వార్తలు మాత్రం ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు. నీళ్ల సరఫరా, వానల సమాచారం చెప్పుకోవచ్చు. సరే. రేపు ట్యాంకరు ఎన్ని గంటలకొస్తుందో చెప్పడం సమాచారం. మూడు రోజులుగా ట్యాంకరు ఎందుకు రాలేదని ఒక ఆడమనిషి మైకులో అడిగితే, అది సమాచారమా, వార్తా?