సైకిలు ఎత్తి చూశారా?

సైకిలు కొనడానికి వెళ్ళినవాళ్ళు రంగు చూస్తారు. గేర్లు లెక్కపెడతారు. బెల్లు మోగించి చూస్తారు. పిల్లవాడు సీటెక్కి కూర్చుంటే ముచ్చటపడి, "ఎంతకిస్తావయ్యా?" అని బేరం మొదలుపెడతారు. కాని ఆ సైకిలును రెండు చేతులా పట్టుకుని నేలమీదనుంచి జానెడెత్తు లేపి చూసేవాళ్ళను నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను. వంకాయలు తూచేటప్పుడు తక్కెడ మీదనుంచి చూపు తిప్పని ఇల్లాళ్ళు సైతం, పదివేలూ పదిహేనువేలూ పోసి సైకిలు కొనేటప్పుడు దాని బరువు మాట ఎత్తరు.

పోయిన నెలలో ఒక సోదరి ఉత్తరం రాశారు. వాళ్ళ అబ్బాయికి ఎనిమిదేళ్ళు. లావుపాటి టైర్లూ, ముందూ వెనకా షాకులూ వున్న మౌంటెన్ బైకు తప్ప మరేదీ వద్దని భీష్మించుకు కూర్చున్నాడట. అవి మహా బరువు, వాడు తొక్కలేడని వాళ్ళ నాన్నగారు. అబ్బే, ఈ కాలపు సైకిళ్ళు దూదిపింజలండీ అని దుకాణదారు. "ఇద్దరిలో ఎవరి మాట నమ్మమంటారు?" అని ఆవిడ ప్రశ్న.

ఇద్దరూ నిజమే చెప్పారమ్మా. ఏ జాతి సైకిలన్నది మాత్రం ఇద్దరూ చెప్పలేదు. పది కిలోలది వుంది, పాతిక కిలోలది వుంది. రెంటినీ ఆ పేరుతోనే పిలుస్తారు. (మనకు బైకు అనగానే పెట్రోలు వాసన కొడుతుంది గనుక నేను కొండ సైకిలనే అంటాను.)

దీని పుట్టిల్లు అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం. శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరానికి వెళితే మెరిన్ అనే జిల్లా, అందులో టమల్పాయిస్ అనే కొండ. 1970 తర్వాతి సంవత్సరాల్లో అక్కడి కుర్రకారు కొందరు, ష్విన్ కంపెనీవారి పాతకాలపు లావు టైర్ల సైకిళ్ళను ఎక్కడెక్కడినుంచో ఏరుకొచ్చి, ఆ కొండ మీదనుంచి మట్టిబాటల వెంట దిగడం మొదలుపెట్టారు. ఒక్కొక్కటి 22, 23 కిలోలు తూగేది. అయినా దిగేవాడికి బరువుతో పనేముంది? పైకి ట్రక్కులో వేసుకుపోయేవారు. కిందికి భూమ్యాకర్షణే చూసుకునేది. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు ఆ సైకిళ్ళకు. ఒక్కసారి కొండ దిగేసరికి వెనక చక్రం ఇరుసు కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. మళ్ళీ ఇరుసు విప్పి, గ్రీజు కూరి బిగిస్తేగాని ఇంకొకసారి దిగడానికి లేదు. అలా "తిరిగి కూరడం" అనే అర్థంలో 1976లో మొదలైన ఆ పందేనికి రీప్యాక్ అని పేరొచ్చింది.

మరి బరువు ఎప్పుడు తగ్గింది? ఆ సైకిళ్ళకు గేర్లు బిగించి, ట్రక్కు అక్కరలేకుండా కొండ ఎక్కుదామనుకున్నప్పుడు. ఆ బృందంలోని జో బ్రీజ్ అనే ఆయన 1977లో కొండకోసమే ఒక ఫ్రేము కట్టాడు. ఆ సైకిలు సుమారు 17 కిలోలు. 1981లో స్పెషలైజ్‌డ్ కంపెనీ కార్ఖానాలో వరసగా తయారుచేయించి అమ్మిన స్టంప్‌జంపర్ అనే సైకిలు 13 కిలోలకు వచ్చింది. అంటే, తేలిక కావాలన్న ఆలోచన దిగేవాడికి కాదు, ఎక్కేవాడికి పుట్టిందన్నమాట. ఈనాటికీ కొండ సైకిళ్ళ బరువుల్లో తేడా అంతా ఈ ఎక్కడం దిగడం దగ్గరే వుంది.

ఎక్కువగా ఎక్కేవి క్రాస్‌కంట్రీ సైకిళ్ళు. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ప్రవేశించినవి ఇవే. పందేలకు వాడేవి 10 కిలోలకు అటూఇటూగా వుంటాయి. కార్బన్ నారతో ఫ్రేము చేసి, వెనక షాకు తీసేస్తే 9 దాకా కూడా తెస్తారు. పది కిలోల బియ్యం సంచీ ఎత్తినట్టే. మనబోటివాళ్ళు కొనగల అల్యూమినియం రకం 12, 13 వుంటుంది. ఎక్కడానికీ దిగడానికీ మధ్యస్థంగా వుండే ట్రెయిల్ సైకిళ్ళు 13 నుంచి 15. ఇంకా మొరటు బాటలకు వాడే ఎండ్యూరో రకం 15 నుంచి 17. మంచు మీదా ఇసుక మీదా దిగబడకుండా నాలుగంగుళాల వెడల్పు టైర్లు వేసిన సైకిళ్ళు, ఆ టైర్ల పుణ్యమా అని, 14నుంచి 17 దాకా తూగుతాయి. బ్యాటరీ, మోటారు వున్నవి 20 మొదలుకొని పాతిక.

దిగుడు సైకిలు సంగతి వేరు. స్కాట్లండులో ఫోర్ట్ విలియం దగ్గరి కొండ మీద ఏళ్ళ తరబడి ప్రపంచస్థాయి పందేలు జరిగాయి. అక్కడ పందెగాడూ, అతని సైకిలూ తీగల మీద వేలాడే పెట్టెలో పైకి వెళతారు. అతడు తొక్కి ఎక్కేది లేదు. కింద రాళ్ళూ గోతులూ వేర్లూ. ఆ వేగంలో సైకిలు విరిగితే మనిషి విరుగుతాడు. అంచేత ముందు ఫోర్కు ఒక్కటే మూడు కిలోలకు దగ్గరగా వుంటుంది, టైరు ఒక్కొక్కటి కిలో పైచిలుకు. మొత్తం 16నుంచి 18 కిలోలు. తమాషా ఏమిటంటే, 2023 ప్రాంతంలో కొందరు అగ్రశ్రేణి పందెగాళ్ళు ఫ్రేము అడుగున లోహపు దిమ్మలు కూడా బిగించుకుని దిగారు. చక్రాలు రాళ్ళమీద ఎగిరెగిరిపడుతున్నా, మధ్యన ఫ్రేము బరువుగా వుంటే అది నిబ్బరంగా వుంటుందని. ఒకపక్క గ్రాముకింత అని పోసి బరువు తగ్గించుకునేవాళ్ళు, ఇంకొకపక్క డబ్బిచ్చి బరువు తగిలించుకునేవాళ్ళు!

లోహం సంగతి చూస్తే, ఉక్కు ఘనసెంటీమీటరుకు 7.8 గ్రాములు, అల్యూమినియం 2.7. అయితే అల్యూమినియం సైకిలు ఉక్కు సైకిలులో మూడోవంతే వుండాలిగదా? వుండదు. అల్యూమినియం బరువులోనే కాదు, వంగకుండా నిలబడే బిగువులో కూడా ఉక్కులో మూడోవంతే. అందుకని గొట్టాలను లావు చెయ్యాలి. మీ వీధిలో నిలబెట్టిన కొత్త సైకిలు గొట్టాలు సొరకాయల్లా బొద్దుగా కనిపిస్తే అది సోకు కాదు, లెక్క.

పెద్దవాళ్ళు ఈ కిలోలను గురించి మరీ బెంగపడనక్కరలేదు. డెబ్భై కిలోల మనిషి పదిహేను కిలోల సైకిలు మీద నూరు మీటర్ల ఎత్తు (ముప్ఫై అంతస్తుల మేడంత) ఎక్కుతున్నాడనుకోండి. నిలకడగా నూటయాభై వాట్ల శక్తి పెట్టి తొక్కితే తొమ్మిది నిమిషాల పైన పడుతుంది. సైకిలులో మూడు కిలోలు తగ్గిస్తే ఆయనకు కలిసివచ్చేది ఇరవై సెకండ్లు. ఆ ఇరవై సెకండ్లు పందెగాడికి ప్రాణం, మనకు చెమట తుడుచుకోవడానికి చాలవు. చదునైన రోడ్డు మీద అదీ వుండదు. అక్కడ ఎదురుగాలీ, టైర్లలో గాలీ చూసుకోవాలి. మా నాయనగారి నల్ల సైకిలు, చైను కేసూ క్యారేజీ స్టాండూ కలిపి, ఇరవై కిలోలకు తక్కువ వుండేది కాదు. దానిమీద మా అమ్మ వెనకా, నేను ముందు కడ్డీ మీదా, హ్యాండిలుకు కూరల సంచీ! అది బరువని ఆయన అనగా వినలేదు. ఆ బరువంతా మోయడానికి పెట్టిన బరువు.

అసలు చిక్కు మన బజారులో వుంది. పన్నెండు పదమూడువేలకు, ముందూ వెనకా షాకులతో, కొండ సైకిలు పేరిట అమ్మేవాటిని నేను తూచి చూశాను. 16నుంచి 18 కిలోలు మామూలు. ఇందాకటి దిగుడు సైకిలు బరువే! లక్షలు పోసి కొనే ఆ సైకిలులో బరువు గట్టి చక్రాలకూ, నూనె నింపిన షాకులకూ పోయింది. దీనిలో ఉక్కు స్ప్రింగులకూ, మొరటు గొట్టాలకూ పోయింది. స్ప్రింగును అదుపు చెయ్యడానికి నూనె లేకపోతే అది నొక్కుకుని ఊరుకోదు, తిరిగి ఎగరేస్తుంది. లేచి నిలబడి తొక్కితే కాలిబలంలో కొంత చక్రానికి పోకుండా సీటుకింద స్ప్రింగును నొక్కడానికి ఖర్చవుతుంది. ముందున్న స్ప్రింగు ఫోర్కు ఒక్కటే చాలావాటిలో రెండున్నర కిలోలు దాటుతుంది. దాని చోట సాదా ఉక్కు ఫోర్కు వేస్తే కిలో, కిలో పైచిలుకులో అయిపోతుంది. కాలిఫోర్నియాలోనే కీత్ బోంట్రాగర్ అనే సైకిళ్ళ తయారీదారు పేరిట ఒక మాట ప్రచారంలో వుంది: గట్టితనం, తేలిక, చౌక - మూడింటిలో ఏ రెండైనా అడగవచ్చునట. మన బజారు సైకిలు ఒక్క చౌకనే ఇచ్చి, మిగతా రెంటి బొమ్మలను రంగుల్లో గీసి ఇస్తున్నది.

పెద్దవాడు దీన్ని ఎలాగో లాక్కుపోతాడు. పిల్లల మాటేమిటి?

మా ఎదురింటి అమ్మాయికి పదేళ్ళు. బరువు 28 కిలోలు. పుట్టినరోజుకు షాకుల సైకిలు కొన్నారు. మొదటివారం ఇంటిముందు చక్కర్లు కొట్టింది. రెండోవారం నుంచి ట్యూషనుకు వెళుతూ, రైలు వంతెన ఎక్కేచోట దిగి తోసుకుపోయేది. ఒకరోజు సైకిలు మీదపడితే లేపలేక, దారినపోయేవాళ్ళు వచ్చి లేపేదాకా కాలు దానికింద పెట్టుకుని కూర్చున్నదట. నెల తిరిగేసరికి సైకిలు మెట్లకిందికి చేరింది. దానిమీద తువ్వాళ్ళు ఆరేస్తున్నారు. "దీనికి ఒళ్ళు వంగదండీ, అంతా బద్ధకం" అని తల్లి. ఆ పిల్ల ఏమీ అనలేదు, తల దించుకున్నది. నేను సైకిలు తెప్పించి తూచాను. 16 కిలోలు. పిల్ల బరువులో సగం దాటింది. డెబ్భై కిలోల వాళ్ళ నాన్నకు అదే పాళ్ళలో సైకిలు ఇవ్వాలంటే 40 కిలోలది ఇవ్వాలి. వంటింట్లో నిండు గ్యాసుబండ ముప్ఫై కిలోలు వుంటుంది. ఆ బండకన్న ఇంకా పదికిలోలు బరువైనదాన్ని రోజూ వంతెన ఎక్కించమంటే ఆయన ఎన్నాళ్ళు ఎక్కిస్తాడో అడిగి చూడండని చెప్పాను.

పాతిక కిలోల పిల్లవాడు పదిహేను కిలోల సైకిలు మీద ఎక్కితే మొత్తం నలభై. సైకిలు పదికి తగ్గితే మొత్తం బరువులో ఎనిమిదోవంతు పోయినట్టు. పెద్దవాడికి మూడు కిలోలు తగ్గితే ఇరవై ఎనిమిదో వంతే గదా పోయింది! అందుకని సైకిలు తేలికగా వుండవలసింది ఎవరికంటే, దాని ఖరీదు ఇవ్వలేనివాళ్ళకు, అంటే పిల్లలకు. నా మటుకు నేను, పిల్ల బరువులో మూడోవంతుకు దగ్గరగా వుంటే సరే అంటాను. సగం దగ్గరికి వస్తే, ఎన్ని గేర్లున్నా వద్దంటాను.

ఉత్తరం రాసిన సోదరి వాళ్ళవాణ్ణి మరీ నిరాశపరచనక్కరలేదు. లావు టైర్లు వుండనివ్వండి. గతుకుల రోడ్డులో సగం షాకుల పని ఆ టైర్లలోని గాలే చేస్తుంది. వెనక షాకు వద్దు. వీలైతే ముందుదీ వద్దు. ఫ్రేము అల్యూమినియంది, గేర్లు ఆరో ఏడో. ఇరవై అంగుళాల చక్రాలతో అటువంటిది పదికిలోల ప్రాంతంలో దొరుకుతుంది. వాడు అలిగితే రెండు రకాలూ పక్కపక్కన పెట్టి, దుకాణంలో మెట్లుంటే వాడిచేతనే రెండిటినీ ఒక్కొక్క మెట్టు ఎక్కించండి. ఉపన్యాసం అక్కరలేదు.

తూచడం కష్టమేమీ కాదు. ఇంట్లో ఒంటి బరువు చూసుకునే మిషను వుంటే, ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత సైకిలెత్తుకుని ఎక్కండి. రెంటికీ తేడా సైకిలు బరువు. ప్రయాణపు పెట్టెలు తూచే కొక్కెం వుంటే సీటుకు తగిలించి ఎత్తినా సరే. అచ్చు కాగితాల మీద బరువు వేసివుంటే, పెడళ్ళతో కలిపా కాదా అని అడగండి. ఖరీదైన సైకిళ్ళ బరువు చాలాసార్లు పెడళ్ళు తీసేసి చెబుతారు. జత మూడు నాలుగువందల గ్రాములు వుంటాయి. అసలు బరువే వెయ్యకపోతే ఎత్తి చూడడం ఒక్కటే దారి. దుకాణదారు వింతగా చూస్తే చూడనివ్వండి.

కొన్న తర్వాత తగిలించేవాటి మీద కూడా ఒక కన్ను వెయ్యండి. పక్క స్టాండు, బుట్ట, నీళ్ళ సీసా, దొంగల భయంతో ఇనప గొలుసు తాళం - ఇవన్నీ కలిసి, గ్రాములు చూసి కొన్న సైకిలును రెండు కిలోలు పెంచగలవు. గొలుసుకు బదులు సన్నని తీగ తాళం బళ్ళో ఆవరణలో చాలు. ఎదురింటి అమ్మాయికి ఈమధ్య 11 కిలోల సాదా సైకిలు వచ్చింది. బుట్ట వద్దన్నాను, ఆవిడ వినలేదు, పిల్ల కూడా వినలేదు. పోనీలెండి, వంతెన మాత్రం దిగకుండానే ఎక్కుతున్నది. మడ్‌గార్డులు మాత్రం బరువని తీయించకండి. వానాకాలంలో యూనిఫారం వీపుమీద పడే బురద చార ఉతకవలసింది మీరే.