రేవులో వేసిన పన్ను, పొలంలో కట్టిన రైతు

2023 జూలైలో టమాటా కిలో వంద దాటింది, కొన్ని నగరాల్లో రెండు వందలకూ ఎగబాకింది. కేంద్రం ఎన్‌సీసీఎఫ్, నాఫెడ్ అనే సహకార సంస్థలను మదనపల్లె, కోలారు వంటి మార్కెట్లకు పంపింది. అవి అక్కడి ధరకు కొని, లారీల్లో ఢిల్లీ చేర్చి, వ్యాన్లలో పెట్టి కిలో 90 రూపాయలకు అమ్మాయి. రెండు రోజులకు 80 చేశాయి, ఆ వారంలోనే 70కి దించాయి. ఆ అమ్మకం నష్టానికే. నష్టాన్ని ధరల స్థిరీకరణ నిధి భరించింది. నిధి అంటే ఖజానా, ఖజానా అంటే సబ్బు కొన్నా ఫోన్ రీఛార్జి చేసినా పన్ను కట్టే జనం. మదనపల్లె రైతుకు మాత్రం రావాల్సిన ధర వచ్చింది.

నెల తిరిగేసరికి ఉల్లి వంతు వచ్చింది. ఆగస్టు 19న కేంద్రం ఉల్లి ఎగుమతులపై 40 శాతం సుంకం వేసింది. నాసిక్ జిల్లా లాసల్‌గావ్‌లో మండిపడ్డ వ్యాపారులు వేలం ఆపేశారు. కేంద్రం తన నిల్వలోని ఉల్లిని కిలో 25 రూపాయలకు అమ్మించిన మాటా నిజమే. కానీ ఆ నిల్వ 5 లక్షల టన్నులు. అంతకు ముందు ఏడాది దేశంలో పండింది సుమారు 300 లక్షల టన్నులు. రెండు శాతం కూడా లేని నిల్వతో ధర దిగదు. అసలు బరువు మోసింది సుంకమే.

రెండుసార్లూ ఉద్దేశం ఒక్కటే, పట్నంలో కూరగాయల సంచి తేలికగా నిండాలి. కానీ టమాటా బిల్లు ప్రభుత్వం కట్టింది, ఉల్లి బిల్లు రైతు చేతికి పోయింది.

సుంకం కట్టేది ఎగుమతిదారు కదా, రైతుకేం సంబంధమని అడగొచ్చు. ఒక ఊహా లెక్క వేసుకుందాం. ఓడలో ఎక్కేనాటికి కిలో ఉల్లి ధర 40 రూపాయలనుకోండి. అందులో గ్రేడింగు, గోనె సంచులు, హమాలీ, లారీ కిరాయి, కమీషను కలిపి 8 రూపాయలు. రైతుకు మిగిలేది 32. ఇప్పుడు 40 శాతం సుంకం, అంటే 16 రూపాయలు తీసేయండి. లారీవాడు కిరాయి తగ్గించడు, హమాలీ కూలి తగ్గదు, ఆ 8 రూపాయలు అలాగే ఉంటాయి. రైతుకు వచ్చేది 16. కాగితం మీద సుంకం 40 శాతమే అయినా పొలం దగ్గర ధర సగానికి సగం పడింది.

ఎగుమతిదారు ఆ 16 రూపాయలు దుబాయ్ కొనుగోలుదారు మీద ఎందుకు వేయడు? వేస్తే అతను పాకిస్తాన్ ఉల్లి కొంటాడు, ఈజిప్టు ఉల్లి కొంటాడు. అతనికి నాలుగు దారులున్నాయి. కర్నూలు జిల్లాలో ఖరీఫ్ ఉల్లి పీకిన రైతుకు ఒక్క దారే ఉంది. ఆ గడ్డలో తేమ ఎక్కువ, రబీ ఉల్లిలా నెలల తరబడి నిల్వ ఉండదు. వాన పడితే కల్లంలోనే కుళ్లుతుంది. ట్రాక్టరుకెత్తి కర్నూలు యార్డుకో, కాస్త ఓపికుంటే తాడేపల్లిగూడెం మార్కెట్‌కో తోలాలి, ఆ రోజు పలికిన ధరకు ఇవ్వాలి. చట్టం పన్ను ఎవరి పేరున రాసినా, చివరికి తప్పించుకునే దారి లేనివాడి మీదే పడుతుంది. అర్థశాస్త్రం మొదటి ఏడాదిలో చెప్పే పాఠాల్లో ఇంత పనికొచ్చేది, ఇంత తొందరగా మరిచిపోయేది మరొకటి లేదు.

ఇంకో సంగతి. ఓడ మొహం చూడని ఉల్లికీ ఈ దెబ్బ తప్పదు. రేవు నుంచి వెనక్కి మళ్లిన సరుకు దేశంలోనే అమ్ముడవ్వాలి. ధర తగ్గిందని ఎవరూ కూరలో రెండింతల ఉల్లి వేయరు, పెరిగిందని మానుకోరు. అందుకే సరుకు కాస్త తగ్గితే ధర ఆకాశానికెగురుతుంది, కాస్త మిగిలితే పాతాళానికి పడుతుంది. రేవు మూస్తే దేశంలోని ప్రతి యార్డులోనూ పాట పడిపోతుంది.

ఆ తర్వాతి వరుస చూడండి. 2023 అక్టోబరు 28న కనీస ఎగుమతి ధర టన్నుకు 800 డాలర్లన్నారు. డిసెంబరు 8న ఎగుమతులే నిషేధించారు. మార్చి 31 దాకానే అన్నారు, ఆ గడువు రాకముందే పొడిగించారు. 2024 మే 4న నిషేధం ఎత్తేసి 550 డాలర్ల కనీస ధర పెట్టారు, 40 శాతం సుంకమూ వేశారు. సెప్టెంబరు 13న కనీస ధర తీసేసి సుంకాన్ని 20 శాతానికి దించారు. 2025 ఏప్రిల్ 1న అదీ పోయింది. ఇరవై నెలలు తిరక్కుండా ఇన్ని మలుపులు. ఈ మధ్యలో నారు పోసిన రైతు దేన్ని నమ్మి పోయాలి?

నిషేధంలోని మొరటుదనం కడప జిల్లాలో దగ్గరగా కనిపిస్తుంది. మైదుకూరు ప్రాంతంలో పండే కృష్ణాపురం ఉల్లిని కేపీ ఉల్లి అంటారు. ఘాటు బాగా ఎక్కువ, మన వంటింట్లో వాడరు. మలేసియా, సింగపూర్, శ్రీలంక, హాంకాంగ్ వాళ్లకు కావాలి, వాళ్ల కోసమే పండిస్తారు. 2019 సెప్టెంబరులో దేశమంతటా ఉల్లి ఎగుమతులు ఆపినప్పుడు ఇదీ ఆగిపోయింది. ఈ దేశంలో ఎవరూ తినని గడ్డను ఆపి ఎవరికి ధర తగ్గించినట్టు? నెలలు గడిచాక, 2020 ఫిబ్రవరిలో, 10 వేల టన్నులకు అనుమతిచ్చారు, అదీ చెన్నై రేవు నుంచే. అది కృష్ణాపురం ఉల్లేనని కడప ఉద్యాన శాఖ అధికారి ధ్రువీకరించాలి. ఆ ఏడాది సెప్టెంబరులో మళ్లీ నిషేధం, అక్టోబరులో మళ్లీ అదే 10 వేల టన్నుల సడలింపు.

2020 సెప్టెంబరుకు మరో విశేషం కూడా ఉంది. ఉల్లి, బంగాళాదుంపల వంటి వాటిపై నిల్వ పరిమితులు మామూలు రోజుల్లో ఉండవంటూ జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చి, నిత్యావసర సరుకుల చట్టానికి సవరణ బిల్లును పార్లమెంటులో నెగ్గించుకున్నది ఆ సెప్టెంబరులోనే. మార్కెట్‌కు స్వేచ్ఛ ఇస్తున్నామన్న ఉపన్యాసాలు నడుస్తుండగానే 14న రేవు మూశారు. అక్టోబరులో నిల్వ పరిమితులూ వచ్చాయి, టోకు వ్యాపారికి 25 టన్నులు, చిల్లర వ్యాపారికి 2 టన్నులు.

పరాయి దేశపు కొనుగోలుదారుకూ జ్ఞాపకం ఉంటుంది. 2019 నిషేధం వచ్చిన వారంలోనే ఢిల్లీకి వచ్చిన బంగ్లాదేశ్ ప్రధాని షేక్ హసీనా, కూరలో ఉల్లి వేయొద్దని తన వంటమనిషికి చెప్పానని నిండు సభలో చమత్కరించారు. ముందుగా ఒక మాట చెబితే బాగుండేదనీ అన్నారు. సభ నవ్వింది. బంగ్లాదేశ్ నవ్వుతో సరిపెట్టలేదు, సొంత సాగు పెంచుకుంది, వేరే దేశాలనూ వెతుక్కుంది.

బియ్యం కథా ఇంతే. 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపగానే అమెరికాలోని భారతీయ దుకాణాల్లో సోనా మసూరి బస్తాల కోసం మనవాళ్లు ఎగబడ్డ వీడియోలు ఊరూరా తిరిగాయి. వాటిని చూసి చాలామంది నవ్వుకున్నారు. అక్కడ బస్తా ధర ఎగిసిన ఆ రోజుల్లో ఇక్కడి వరి రైతుకు ఆ లాభంలో వాటా లేకుండా పోయిందన్న సంగతి వీడియోలో పట్టలేదు.

వినియోగదారుడి గోడు అబద్ధమని కాదు. రోజుకూలీ మీద బతికే ఇంట్లో ఉల్లి కిలో 80 అయితే పప్పు కొనే డబ్బుకు కోత పడుతుంది. ప్రభుత్వం చేతులు కట్టుకు కూర్చోవాలని ఎవరూ అనరు. కానీ 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు భారం రాష్ట్ర బడ్జెట్‌లో కనిపించింది. శాసనసభలో తిట్టారు, పత్రికల్లో పొగిడారు, ఖర్చెంతో లెక్క తేలింది. ఎగుమతి నిషేధానికి బడ్జెట్‌లో పద్దు లేదు, ఓటింగు లేదు, ఒక్క నోటిఫికేషను చాలు. ప్రభుత్వాలకు అది ముద్దొచ్చేది అందుకే. ఇలాంటి ఆంక్షలన్నీ కలిపి ఓఈసీడీ, ఇక్రియర్ సంస్థలు 2018లో లెక్క తీశాయి. 2000–01 నుంచి 2016–17 దాకా, ఎరువులు, కరెంటు వంటి సబ్సిడీలన్నీ ఇచ్చిన తర్వాత కూడా, భారత రైతు రాబడిలో సగటున ఏడాదికి సుమారు 14 శాతం ఇలా కనిపించకుండా కరిగిపోయిందని తేల్చాయి.

ఉల్లి ధరకు ప్రభుత్వాలు భయపడటానికి కారణం ఉంది. 1998లో ఢిల్లీలో సుష్మా స్వరాజ్ ప్రభుత్వం ఓడినప్పుడు నిందలో పెద్ద వాటా ఉల్లిదే. అయితే భయం రెండో వైపునా మొదలైంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నాసిక్ జిల్లా దిండోరిలో కేంద్ర సహాయమంత్రి భారతీ పవార్ ఓడిపోయారు. అది ఉల్లి రైతుల సీటు. నిషేధం అప్పటికే ఎత్తేశారు, అంతకు ముందు ఐదు నెలలు మాత్రం వాళ్లు మరిచిపోలేదు.

సుంకం తీసేస్తే చాలు, అన్నీ చక్కబడతాయనుకుంటే 2025 అందుకు సాక్ష్యం చెప్పదు. ఆ ఆగస్టు, సెప్టెంబరుల్లో సుంకం సున్నా. అయినా కర్నూలు యార్డులో ధర కుప్పకూలింది. మహారాష్ట్రలో రబీ నిల్వలు పేరుకున్నాయి, బంగ్లాదేశ్ తన రైతుల కోసం దిగుమతులకు కళ్లెం వేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన మార్క్‌ఫెడ్ సంస్థతో క్వింటాలు 1,200 రూపాయలకు కొనిపించింది, అదీ చాలక హెక్టారుకు 50 వేల సాయం ప్రకటించింది. పోగొట్టుకున్న కొనుగోలుదారులు సుంకం తీసేసిన మర్నాడే తిరిగి రారు.

రైతుకు ముందుగా మాట చెప్పడం అసాధ్యమైన పనేం కాదు. ఖరీఫ్ ఉల్లి నారు పోసేలోపు, మే నెలాఖరుకే, చిల్లర ధర ఎంత దాటితే ఎంత సుంకం పడుతుందో, ఎంతకు దిగితే అది పోతుందో కేంద్రం ప్రకటించవచ్చు. అంతకు మించి చౌక కావాలనుకుంటే టమాటాకు చేసినట్టు కొని, నష్టానికి అమ్మి, ఆ నష్టాన్ని పద్దులో రాయాలి. కేపీ ఉల్లి లాంటి రకాలను ఈ ఆంక్షల జాబితా నుంచి శాశ్వతంగా తీసేయడానికైతే ఖజానా నుంచి ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు, ఒక నోటిఫికేషను చాలు.