నాన్న సంతకం ఎక్కడి నుంచి తేవాలి?

కాలేజీ అడ్మిషన్లు మొదలయ్యాయంటే మా మండల సంఘం ఆఫీసుకు విత్తనాల గురించి, అప్పుల గురించి వచ్చేవాళ్ల కంటే ఆదాయ ధ్రువపత్రం కోసం తిరిగి తిరిగి వచ్చిన తల్లులే ఎక్కువ కనిపిస్తారు. ఇది రైతు సంఘం పనేనా అని మన కార్యకర్తలే కొందరు అడుగుతున్నారు. ముమ్మాటికీ మన పనే.

మొన్న ఒక తల్లీ కూతుళ్లు వచ్చారు. వాళ్లకున్నది మూడెకరాల మెట్ట. భర్త కూలికని ముంబై పోయి తొమ్మిదేళ్లయింది. రెండేళ్లు డబ్బు పంపాడు, ఆ తర్వాత ఫోను కూడా లేదు. అమ్మాయికి ఎప్‌సెట్‌లో ఇంజినీరింగ్ సీటు వచ్చింది. ర్యాంకు పదివేలు దాటింది కాబట్టి, బీసీ విద్యార్థిగా ఏడాదికి 35 వేల వరకే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. ఆ 35 వేలకైనా పల్లెలో కుటుంబ ఆదాయం లక్షన్నర లోపేనని తహసీల్దారు ధ్రువీకరించాలి. మీసేవలో దరఖాస్తు పెట్టారు. విచారణకు వచ్చినాయన వేసిన మొదటి ప్రశ్న, "మీ ఆయన ముంబైలో ఎంత సంపాదిస్తాడు?" అని. ఆయన ఆధార్, సంతకం తెమ్మన్నారు. లేదంటే విడాకుల కాగితమో, మరణ ధ్రువపత్రమో కావాలన్నారు. ఆ మాటే రాసివ్వమని మేం అడిగితే రాసివ్వలేదు.

"ఆయన సచ్చిపోతే గా కాయితమన్నా ఉండు సారూ" అంది ఆ తల్లి. కోపంతో కాదు, విసిగిపోయి అన్న మాట అది.

ఆమె అన్నది నిజమే. భర్త చనిపోతే మరణ ధ్రువపత్రం వస్తుంది, భూమి విరాసత్ అవుతుంది, పింఛను వస్తుంది. వదిలేసి పోతే ఏ కాగితమూ పుట్టదు. చట్టం ప్రకారం మనిషి జాడ తెలియక ఏడేళ్లు గడిస్తే చనిపోయినట్టు భావించవచ్చు, కానీ అందుకు కోర్టు మెట్లెక్కాలి. అడ్మిషన్ కౌన్సెలింగ్ ఏడేళ్లు ఆగదు. పైగా ఎక్కడో ఉన్నాడని ఊరంతా చెప్పే మనిషిని చనిపోయాడని ఏ భార్య రాసిస్తుంది?

విడ్డూరం ఏమిటంటే, ఇదే తల్లికి ప్రభుత్వం ఒంటరి మహిళ పింఛను ఇస్తోంది. 2017లో మొదలైన ఆ పథకం విడాకుల పత్రం లేకపోయినా భర్త వదిలేసిన స్త్రీలకు వర్తిస్తుంది. నెలకు 2,016 రూపాయలు ఇవ్వడానికి ఆమె ఒంటరిదని ఒప్పుకున్న ప్రభుత్వానికి, కూతురి ఫీజు దగ్గరికొచ్చేసరికి ఆమె భర్త ఉన్న మనిషి ఎలా అవుతుంది? 2016 డిసెంబరు నుంచి పాస్‌పోర్టుకే తల్లిదండ్రుల్లో ఒకరి పేరు చాలు. దేశం దాటడానికి చాలిన తల్లి పేరు జిల్లా కేంద్రంలో చదవడానికి చాలదా?

ఇక భూమి సంగతి. పట్టా ఆయన పేరున ఉంది. దుక్కి దున్నించేది, విత్తనం పెట్టేది, అప్పు తెచ్చేది ఆమె. ఎకరాకు ఏడాదికి 12 వేలని ప్రకటించిన రైతు భరోసా పట్టాదారు ఖాతాకే పోతుంది. అంటే మూడెకరాలకు 36 వేలు, దాదాపు ఆ అమ్మాయి రీయింబర్స్‌మెంట్ అంత. పాస్‌బుక్ ఉన్న మనిషి ఊళ్లో లేడు కాబట్టి పత్తిని సీసీఐ కేంద్రానికి తీసుకెళ్లలేక దళారికే అమ్ముతోంది. తన మొగుడి భూమిలో తనే కౌలుదారు, ఆ కౌలుకూ కాగితం లేదు. ఆదాయం లెక్కకట్టేటప్పుడు మాత్రం ఆ మూడెకరాలు ఆమె కుటుంబానివే.

బ్యాంకులోనూ ఇదే కథ. విద్యా రుణం ఏడున్నర లక్షల దాకా తనఖా లేకుండా ఇవ్వొచ్చు, తల్లి కూడా సహ రుణగ్రహీతగా సంతకం పెట్టొచ్చు. కానీ పట్టా లేని తల్లి ఏ ఆదాయం చూపిస్తుంది? మేనేజరు "నాన్నను తీసుకురామ్మా" అంటాడు.

ఫీజు బకాయిలు వేల కోట్లకు చేరాయని కాలేజీ యాజమాన్యాలే ఆందోళనకు దిగాయి. ఆ బకాయిల భారం సర్టిఫికెట్లు ఆపేయడం రూపంలో చివరికి పిల్లల మీదే పడుతోంది. దాని మీద అందరూ మాట్లాడుతున్నారు, మాట్లాడాలి కూడా. అసలు ఆ జాబితాలోకే ఎక్కలేని పిల్లల సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

మన తప్పు కూడా ఉంది. మన సభ్యత్వ పుస్తకంలో ఈ తల్లుల పేర్లు ఎన్ని? ఆమె ఇంటి నుంచి సభ్యుడిగా రాసుకున్నది తొమ్మిదేళ్లుగా కనిపించని ఆ భర్త పేరే. నేనే చూశాను.

మా డిమాండ్లు పెద్దవేమీ కావు. ఒంటరి మహిళ పింఛను ఉత్తర్వునైనా, గ్రామసభ తీర్మానాన్నైనా రుజువుగా తీసుకుని తల్లి ఆదాయం మీదనే ధ్రువపత్రం ఇవ్వాలి. వదిలేసిపోయిన భర్త పేరు మీదున్న భూమిలో ఆమె సాగును నమోదు చేసి రైతు భరోసా ఆమె ఖాతాలో వేయాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాసివ్వాలి.

వచ్చే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణికి ఈ తల్లులతో కలిసి వెళ్తున్నాం. మీ ఊళ్లో ఇలాంటివాళ్లుంటే ముందురోజు సాయంత్రానికి సంఘం ఆఫీసుకు పంపండి. మీసేవ రసీదు, పింఛను కాగితం, పాస్‌బుక్ జిరాక్సు తెచ్చుకోమనండి. నాన్న ఆధార్ లేకపోయినా పర్వాలేదని చెప్పండి.