వేదిక వెనుక కుర్చీ

ఈ వారం ఈ లేఖ రాజధాని నుంచి కాదు, కోహ్కా నుంచి వ్రాస్తున్నాను. పార్లమెంటు వర్షాకాల సమావేశాలు ముగిసి, శీతాకాల సమావేశాలు ఇంకా మొదలుకాని దసరా రోజులలో ఢిల్లీ విలేకరికి పెద్దగా పని ఉండదు. నాయకులు నియోజకవర్గాలకు పోతారు, విలేకరులు బంధువుల ఇళ్లకు పోతారు. నేను మా అక్కగారింటికి వచ్చాను.

కోహ్కా పేరు పాఠకులలో చాలామందికి తెలియకపోవచ్చు. అది భిలాయిలో ఒక పేట. సోవియట్ సహాయంతో వెలసిన ఉక్కు కర్మాగారంలో మొదటి కొలిమిని 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారంలో బ్రతుకు వెదుక్కున్న తెలుగు కుటుంబాలు, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలవి, తక్కువేమీ కాదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లు సెక్టార్లలో క్వార్టరు, రిటైరయిన తరువాత ఇటువంటి పేటలలో ఒక సొంత ఇల్లు. మా బావగారి కథా అదే.

వచ్చిన మర్నాడే నా ముందు ఒక ఫిర్యాదు దాఖలైంది. ఫిర్యాదుదారు మా మేనకోడలు. ఇక్కడే ఒక ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయిని. కొన్ని నెలల క్రితం ఒక పెద్ద నగరంలో జరిగిన కచేరీకి, తనకు ప్రాణప్రదమైన గాయకుని చూడాలని, 3,500 రూపాయలు పెట్టి టిక్కెట్టు కొన్నది. రైలు ఖర్చులు వేరు. ఆమె జీతానికి అది చిన్న మొత్తం కాదు. ఫోనులో మైదానం పటం రంగురంగులుగా వచ్చిందట. పక్కనే ఒక గడియారం, ఐదు నిమిషాలలో డబ్బు కట్టకపోతే సీటు పోతుందని. ఆమె కొన్న సీటు కింద ‘పక్క దృశ్యం’ అన్న మాట ఉన్నది. తీరా వెళ్లి చూస్తే అది పక్క కాదు, సరిగ్గా వేదికకు వెనుక. ఇనుప దూలాలు, వాటికి అడ్డంగా నల్లగుడ్డ. పెద్ద తెరలన్నీ అటువైపుకే తిరిగి ఉన్నాయి.

“మూడు గంటలలో గుడ్డ కింద సందులోంచి ఆయన బూట్లు రెండుసార్లు కనిపించాయి, మావయ్యా” అన్నది. ముందువైపు ప్రేక్షకులెవరో తమ ఫోనులోంచి కచేరీని ప్రపంచానికి ప్రసారం చేస్తుంటే, వెనుకనున్నవారు ఆ ప్రసారాన్ని తమ ఫోన్లలో చూశారట. గాయకునికి వంద అడుగుల దూరంలో కూర్చుని! నిర్వాహకులకు వ్రాస్తే, అమ్మిన టిక్కెట్టుకు డబ్బు వాపసు లేదని రెండు వాక్యాల జవాబు వచ్చింది.

“మీరు రోజూ పార్లమెంటులో కూర్చుంటారు కదా. దీనికి చట్టమేదీ లేదా?” అని ఆమె ప్రశ్న.

చట్టం లేకపోలేదు. చట్టాలు ఒకటికి నాలుగున్నాయి, అదే చిక్కు. వినోదాలు, నాటక ప్రదర్శనలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని 33వ అంశం. సినిమా టిక్కెట్టు ధర మీద మన రాష్ట్రాలలో ప్రభుత్వాలు, హైకోర్టులు ఎన్ని తగవులు చూశాయో పాఠకులకు విదితమే. మైదానంలో జరిగే కచేరీ టిక్కెట్టు ధరకు మాత్రం అటువంటి కాపలా కనబడదు. ఇక పన్ను సంగతి. 500 రూపాయలు దాటిన కచేరీ టిక్కెట్టుకు 18 శాతం వస్తు సేవల పన్ను. మా అమ్మాయి 3,500లో పన్ను కలిసే ఉన్నదనుకుంటే, 534 రూపాయలు ఖజానాకు చేరినవి, కేంద్రానికీ రాష్ట్రానికీ చెరి సగం. గాయకుని ముఖం చూసినవాడికీ, బూట్లు చూసినవారికీ పన్ను శాతం ఒకటే. సమత్వం అంటే ఇదే కాబోలు.

ఆమెకు పనికివచ్చేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. సేవలో ‘లోపం’ అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో, కొనుగోలుదారుకు చెప్పవలసిన సమాచారాన్ని కావాలని దాచటం కూడా చేరి ఉన్నది. సీటు వెనుక ఉన్నదనీ, వెనుకవైపు గుడ్డ కడతారనీ నిర్వాహకులకు తెలియదనుకోవటం కష్టం. అదీగాక, ఎక్కడ కొన్నా తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చునని అదే చట్టం అంటున్నది. అంటే ఆ మహానగరానికి పోనక్కరలేదు, దుర్గ్ జిల్లా కమిషను చాలు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి రుసుము కూడా లేదు. ఆ ఐదు నిమిషాల గడియారం సంగతి కూడా చూడదగినదే. కొనేవారిని తప్పుడు తొందర పెట్టటాన్ని 2023 నవంబరులో కేంద్రం జారీచేసిన మార్గదర్శకాలు మోసపు పోకడలలో ఒకటిగా లెక్కవేశాయి. నిజంగా సీటు పోయేదే అయితే అది తొందరే గాని తప్పుడు తొందర కాదు. ఈ కేసులో అది ఏదో విచారణలో తేలవలసిన విషయం.

2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే బృందం కచేరీల టిక్కెట్లు అమ్మకానికి వచ్చినప్పుడు దేశంలో పెద్ద గగ్గోలు పుట్టింది. నల్లబజారు ధరల మీద ముంబయి పోలీసులు విచారణ కూడా చేపట్టారు. ఆ గగ్గోలంతా టిక్కెట్టు దొరకనివారిది. టిక్కెట్టు దొరికి, దృశ్యం దొరకనివారి గోడు ఎవరికీ పట్టలేదు. బ్రిటన్ 2015లో చేసిన చట్టం ప్రకారం టిక్కెట్టును మారు అమ్మేవాడు సీటు ఎక్కడున్నదో, దాని అసలు ధర ఎంతో కొనేవానికి చెప్పి తీరాలి. మారుబేరానికి ఉన్న ఆ పాటి షరతు మన దగ్గర మొదటి బేరానికైనా స్పష్టమైన మాటలలో ఉంటే బాగుండును.

అయితే వేదిక వెనుక కూర్చోవటమే అన్యాయమా? ఈ ప్రశ్న నాకు అదే వారంలో, ఇక్కడే ఎదురైంది.

నవరాత్రులలో ఒక రాత్రి పేటలో తెలుగు పాటల ఆర్కెస్ట్రా పెట్టారు. టిక్కెట్టు లేదు. ఢిల్లీ నుంచి వచ్చిన వాడినని ముందు వరుసలో నాకొక కుర్చీ వేశారు. చందాదారులకై ఉంచిన మిగతా కుర్చీలు తొమ్మిది గంటలదాకా ఖాళీగానే ఉన్నాయి. అరగంట తరువాత ఆఫీసు నుంచి ఫోను వస్తే మాట్లాడటానికి వేదిక వెనుకకు వెళ్లాను. అక్కడ నలభై యాభై మంది నేల మీద గోనెపట్టాలు పరచుకుని కూర్చున్నారు. చాలామంది కాంట్రాక్టు కూలీలు, వారి పిల్లలు. షిఫ్టు దిగి ఆలస్యంగా వచ్చినవారు. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నా అటు పోరు. అవి తమవి కావని ఎవరూ చెప్పకుండానే వారికి తెలుసు. ఫోను ముగిసినా నేను అక్కడే ఉండిపోయాను.

ముందు కూర్చున్నప్పుడు నాకు కనబడనివి చాలా కనబడినవి. ఘంటసాల పాట పాడుతున్న గాయకుడు ఎడమచేతిలో ఫోను పట్టుకుని చరణం చూసుకుంటున్నాడు. కీబోర్డు వాయించే కుర్రవాడు పెట్టెకు అతికించుకున్న కాగితం గాలికి లేస్తుంటే మోచేత్తో అదుముతున్నాడు. తబలా పెట్టె పక్కన ఒక పసివాడు ఆ మోతలో హాయిగా నిద్రపోతున్నాడు. నా పక్కనున్న పెద్దాయన, టెక్కలి వైపు మనిషి, తన పట్టా జరిపి చోటిచ్చి అన్నాడు: “ముందర కూకుంటే పెట్టె సౌండే బాబూ. తబలా సొంత గొంతు ఇక్కడే ఇనిపిస్తాది.”

ఆ మాట నిజం. మనిషి గొంతులో హల్లుల పదును ఎక్కువగా ముందుకే పోతుంది, వెనుకకు వచ్చేసరికి అచ్చులు మిగులుతాయి. అందువల్ల మాటలు సరిగ్గా తెలియవు. కాని వాద్యం దగ్గర కావటంతో దాని అసలు నాదం తెలుస్తుంది. అది చిన్న వేదిక, వెనుక గుడ్డ లేదు. మా మేనకోడలు వెళ్లిన పెద్ద కచేరీలలో ఆ పాటి లాభం కూడా ఉండదు. అక్కడి పెట్టెలన్నీ ముందుకు గురిపెట్టి వేలాడదీస్తారు. దరువు మాత్రం వంగి వెనుకకు వస్తుంది, పాట రాదు.

నేనూ వెనుక కూర్చున్నవాడినే. పాత పార్లమెంటు భవనంలో, ఇప్పటి సంవిధాన్ సదనంలో, లోక్‌సభ పత్రికా గ్యాలరీ సరిగ్గా సభాపతి పీఠానికి పైన ఉండేది. మన బాలయోగిగారు పీఠం మీద ఉన్న రోజులలో ఆయన ముఖం మాకు కనిపించేది కాదు, సభ్యుల ముఖాలు కనిపించేవి. 1999 ఏప్రిల్ 17న ఒక్క ఓటుతో వాజపేయి ప్రభుత్వం పడిపోయిన నాడు, ఆ అంకె సభ ముఖం మీద పడటం చూసినది ఆ చోటు నుంచే. ఆ చోటుకు బదులు ఎదుటి చోటు ఇస్తామన్నా ఆనాడు నేను తీసుకునేవాడిని కాను.

ఎప్పుడో కాలేజీలో చదివిన ఆంగ్ల సాహిత్యం ఇటువంటప్పుడు అక్కరకు వస్తుంది. షేక్‌స్పియర్ కాలపు లండన్ నాటకశాలలలో వేదికకు వెనుక పైభాగాన ప్రభువుల గదులుండేవి. నటుల వీపులు చూడటానికి ప్రభువులు అందరికంటే ఎక్కువ ధర చెల్లించేవారు, ఎందుకంటే అక్కడ కూర్చుంటే సభంతా తమను చూస్తుంది. ఇక 1963లో తెరిచిన బెర్లిన్ ఫిల్‌హార్మనీ మందిరంలో వాస్తుశిల్పి హాన్స్ షారూన్ వాద్యబృందాన్ని నడుమ ఉంచి, చుట్టూ జనాన్ని కూర్చోబెట్టాడు. వెనుకనున్నవారికి సంచాలకుని ముఖం కనిపిస్తుంది. ఆ సీట్లను కోరి కొనేవారున్నారు. 2009 మొదలు 2011 వరకు యూ2 బృందం మైదానాలలో అన్ని వైపులా తెరిచిన వేదిక కట్టి పాడింది. మన పల్లెల్లో వీధి భాగవతానికి జనం చుట్టూ మూగినట్లే, ఇక్కడి ఛత్తీస్‌గఢ్ నాచాకూ మూగుతారు.

కనుక నా అభిప్రాయం, తప్పు వెనుక సీటుది కాదు, దాని పేరుది. ‘వెనుక’ అని టిక్కెట్టు మీద వ్రాసి, గుడ్డ కడతారో లేదో చెప్పి, అటువైపు రెండు పెట్టెలు, ఒక తెర పెట్టి, ధర తగ్గించి అమ్మితే కొనేవారు కొంటారు. ఖర్చు అవుతుంది, నిజమే. ఆ ఖర్చు తప్పించుకోవటానికే కదా ‘పక్క’ అన్న మాట పుట్టింది. గోనెపట్టా మీద కూర్చున్న టెక్కలి పెద్దాయనను ఎవరూ మోసగించలేదు, తానెక్కడ కూర్చున్నాడో ఆయనకు తెలుసు. ఖాళీ కుర్చీల సంగతి వేరు. ఆ మాట నిర్వాహకవర్గంలో ఒక పెద్దమనిషితో అన్నాను. “వచ్చే ఏడు చూద్దాం సార్” అన్నారు. ఇటువంటి హామీలు నేను సభలో చాలా విన్నాను.

నిన్న రాత్రి భోజనాలయ్యాక మా మేనకోడలు కంప్యూటరు ముందు కూర్చుని దుర్గ్ కమిషనుకు ఫిర్యాదు నింపింది. కోరుతున్న పరిహారం ఎంత అన్న గడి దగ్గర ఆగింది. మొత్తం 3,500, రైలు ఛార్జీలు, మనోవ్యథకు మరో పదివేలు వేయమని బావగారు. ఆమె కాసేపు ఆలోచించి 1,750 అని వేసింది.

అదేమిటమ్మా అన్నాను.

“పాటలు అస్పష్టంగానైనా విన్నాను కదా, మావయ్యా” అన్నది.