"మీరేమిట్లు?"

బౌద్ధనగర్‌కు పేరులోనే బౌద్ధం. టూలెట్ బోర్డు చూసి అడిగితే ఓనర్ ముందు నా చంకకర్రను చూస్తాడు: "మెట్లెక్కలేరు సార్." కింది గది ఖాళీయే కదా అంటే రెండో ప్రశ్న: "మీరేమిట్లు?"

నాకు లెక్చరర్ జీతముంది, ఇంకో గల్లీ తిరుగుతాను. తార్నాకలో జిరాక్స్ షాపు పెట్టుకోవాలనుకునే వికలాంగ దళిత బిడ్డ సంగతేంటి? గది లేకుంటే అడ్రస్ లేదు, అడ్రస్ లేకుంటే లోన్ లేదు, లోన్ లేకుంటే అద్దె కట్టే దారే లేదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ ఇల్లునూ ఉపాధినీ కలిపే చూసింది: ప్రభుత్వ పథకాల ఇళ్లలో 5 శాతం, ఇంటికీ వ్యాపారానికీ రాయితీపై ఇచ్చే భూమిలో 5 శాతం. పింఛనుతో సరిపెట్టే నాయకులు దీని ఊసెత్తరు.

మిత్రులారా, జాలి వద్దు. ఆర్టీఐ వేయండి. ఇందిరమ్మ ఇళ్లలో మా 5 శాతం ఎక్కడ? అందులో దళితులెందరు?

జై భీమ్.